సముద్రపు ఒడ్డున వేసవి క్రిస్మస్: ఆస్ట్రేలియాలో స్నేహితుల ఇంటికి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు నెలాఖరుకల్లా మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన తెలుగు పిల్లల్లో చాలామందికి ఒక పిలుపు వస్తుంది. "క్రిస్మస్‌కి ఒక్కడివే రూములో ఏం చేస్తావు? మా వాళ్ళంతా బీచ్ దగ్గరుంటాం, వచ్చెయ్" అంటారు క్లాస్‌మేటో, ఆఫీసులో పక్కసీటు అమ్మాయో. ఆ వెంటనే మొదలయ్యే సందేహాలు చాలాకాలంగా ఇక్కడ ఉంటున్న నాలాంటి వాళ్ళ దగ్గరికి వస్తాయి. వాటికి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇవి ముఖ్యంగా విక్టోరియా రాష్ట్రానికి, అందులోనూ మెల్‌బోర్న్‌కి దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన మార్నింగ్టన్ పెనిన్సులా వైపు వెళ్ళేవాళ్ళకి. మిగతా రాష్ట్రాల్లోనూ చాలావరకు ఇదే పద్ధతి.

మాటవరసకి పిలిచారా, నిజంగానే రమ్మన్నారా? ఎలా తెలుస్తుంది?

నిజంగానే పిలిచారు. ఆ రోజు ఎవరైనా ఒంటరిగా ఉన్నారంటే ఇక్కడివాళ్ళకి మనసొప్పదు. ఎప్పుడు రావాలో, రాత్రికి ఎక్కడ పడుకోవాలో కూడా చెప్పారంటే ఇక సందేహమే అక్కర్లేదు.

జవాబు మాత్రం తొందరగా చెప్పండి. హామ్, రొయ్యలు ముందే ఆర్డర్ పెట్టుకుంటారు, బల్ల దగ్గర కుర్చీలు లెక్కేసుకుంటారు. మన అలవాటు కొద్దీ "చూస్తాను, కుదిరితే వస్తాను" అంటే వాళ్ళకి ఇబ్బంది. వస్తే వస్తానని చెప్పండి, రాలేకపోతే రాలేనని చెప్పండి. రాలేనంటే ఎవరూ నొచ్చుకోరు.

డిసెంబరులో ఎండాకాలం ఎలా ఉంటుంది? ఏం బట్టలు పెట్టుకోవాలి?

భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం కాబట్టి ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పగలు డిసెంబరు 22 ప్రాంతంలో వస్తుంది. క్రిస్మస్ నాడు మెల్‌బోర్న్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి 8.40 దాటుతుంది. భోజనాలయ్యాక ఒక నిద్ర తీసి లేచినా సముద్రానికి వెళ్ళడానికి బోలెడంత వెలుతురుంటుంది.

మెల్‌బోర్న్ వాతావరణాన్ని మాత్రం నమ్మడానికి లేదు. ఉత్తరం నుంచి ఎడారిగాలి వీస్తే 40 డిగ్రీలకి పోతుంది. గాలి తిరిగి దక్షిణం నుంచి వచ్చిందంటే గంటలోపే పదిహేను డిగ్రీలు దిగిపోవడం ఇక్కడ మామూలే. పొద్దున చెమటలు కారి, సాయంత్రం వణుకు పుట్టే క్రిస్మస్‌లు ఉంటాయి. అంచేత నిక్కర్లు, టీషర్టులతోపాటు ఒక స్వెటర్ తప్పకుండా పెట్టుకోండి. తువ్వాలు, దుప్పటి కూడా తీసుకురావాలేమో ముందే అడగండి. చిన్న బీచ్ ఇంట్లో పదిహేనుమంది సర్దుకుంటున్నప్పుడు అవి చాలవు.

అక్కడ ఎక్కడ ఉంటారు? హోటలా?

హోటల్ కాదు. కొందరికి తాతల నాటి బీచ్ ఇల్లుంటుంది, కొందరు అద్దెకి తీసుకుంటారు. రోజ్‌బడ్, రై, సొరెంటో ఒడ్డు పొడవునా గుడారాలు వేసుకునే స్థలాలున్నాయి. ఏటా అదే చోటికి వచ్చి, పక్క గుడారం వాళ్ళతో రెండు మూడు తరాలుగా స్నేహం చేసే కుటుంబాలు ఎన్నో. చెట్ల మధ్య రంగుదీపాలు కట్టుకుని, గుడారం ముందే క్రిస్మస్ చెట్టు నిలబెట్టుకుంటారు. మిమ్మల్ని అలాంటి చోటికి పిలిచారంటే చాలా దగ్గరివాళ్ళుగా చూసినట్టే.

నాకు కారు లేదు. ఎలా వెళ్ళాలి?

ఫ్లిండర్స్ స్ట్రీట్ నుంచి ఫ్రాంక్‌స్టన్ దాకా రైలు, అక్కడ్నుంచి పోర్ట్‌సీ వెళ్ళే 788 నంబరు బస్సు. బస్సులో గంట పైనే కూర్చోవాలి. 25న బయల్దేరడం కన్నా 24నే చేరిపోవడం మేలు. పండగనాడు బస్సులు తక్కువ, ఒకటి తప్పితే రోడ్డు పక్కన చాలాసేపు నిలబడాలి. పైగా 25న కోల్స్, వూల్‌వర్త్స్ లాంటి పెద్ద షాపులు మూసేస్తారు, కాబట్టి కొనాల్సినవి ముందురోజే కొనేసుకోండి.

బహుమతులు ఎవరెవరికి కొనాలి? బడ్జెట్ ఎంత?

అందరికీ కొనక్కర్లేదు. పెద్ద కుటుంబాల్లో క్రిస్ క్రింగిల్ అని చీటీలు వేసుకుంటారు, మీ చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళకి మాత్రమే కొనాలి. ఎన్ని డాలర్ల లోపు కొనాలో కూడా ముందే అనుకుంటారు. ఆ హద్దు దాటకండి. మన ఆప్యాయతకొద్దీ రెట్టింపు పెట్టి కొంటే తీసుకున్నవాళ్ళు ఇబ్బంది పడతారు. మిమ్మల్ని చీటీల్లో కలిపారో లేదో స్నేహితుణ్ణి అడిగేయండి, తప్పేం లేదు.

ఇంటివాళ్ళకి ఉమ్మడిగా ఒకటి పట్టుకెళ్తే చాలు. చాక్లెట్లు దారిలోనే కరిగిపోతాయి. ఈ సీజన్‌లో చెర్రీపళ్ళు బాగుంటాయి, ఒక పెట్టె తీసుకుంటే అందరూ తింటారు. ఇంకా మంచిది, మీ చేత్తో చేసిన జంతికలు. చల్లటి బీరుతో జంతికలు పెట్టి చూడండి, సాయంత్రానికి డబ్బా ఖాళీ.

ఏదైనా వంటకం తీసుకురమ్మన్నారు. ఏం చేయను?

పులిహోర. క్రిస్మస్ భోజనం ఇక్కడ ఎక్కువగా చల్లటి వంటకాలతోనే ఉంటుంది, పులిహోరకి వేడి చెయ్యాల్సిన పని లేదు, ఎండలో రెండు గంటలు ప్రయాణం చేసినా పాడవదు. పచ్చిమిర్చి నిలువుగా చీల్చి పెద్ద ముక్కలుగా వెయ్యండి, తీసి పక్కన పెట్టుకోవడం తేలిక.

ఒక్క విషయంలో మాత్రం ఏమరుపాటు వద్దు. పోపులో పల్లీలు, జీడిపప్పు వేసే ముందు ఆ ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉందా అని అడగండి. పల్లీ అలర్జీ ఉన్న పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు, ఒక్క గింజతో ఊపిరాడని పరిస్థితి వస్తుంది. అడగడానికి వీలుపడకపోతే శనగపప్పు, మినప్పప్పు, ఆవాలతోనే పోపు పెట్టెయ్యండి.

భోజనంలో ఏమేం ఉంటాయి?

మధ్యాహ్న భోజనమే ముఖ్యం. ఒంటిగంట ప్రాంతంలో మొదలై మూడు నాలుగింటి దాకా సాగుతుంది. ప్రతి పళ్ళెం పక్కనా రంగుకాగితం చుట్టిన గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని క్రాకర్ అంటారు. పక్కవాళ్ళు ఒక కొస పట్టుకుంటే మీరు ఇంకో కొస పట్టుకుని లాగాలి. టప్‌మని తెరుచుకుని కాగితం టోపీ, చిన్న బొమ్మ, ఒక పొడుపుకథ చీటీ బయటపడతాయి. టోపీ పెట్టుకోవాలి, చీటీ పైకి చదవాలి. తొంభయ్యేళ్ళ మామ్మగారు కూడా టోపీ పెట్టుకునే భోంచేస్తారు.

రొయ్యలు ఉడికించి, ఐసు మీద పోసి, పెంకుతోనే బల్ల మీద పెడతారు. ఎవరివి వాళ్ళే ఒలుచుకోవాలి. తల మెలితిప్పి లాగేసి, కింద కాళ్ళ వైపు నుంచి పెంకు విప్పి, తోక నొక్కితే కండ బయటికి వస్తుంది. వీపు మీది నల్లటి నరం లాగేయండి. ఉప్పూకారం లేని రొయ్య మొదట్లో చప్పగా అనిపిస్తుంది. నిమ్మకాయ పిండుకుని, మిరియాలు చల్లుకుని రెండోది తినండి. సముద్రపు ఉప్పూ, రొయ్యలోని తీపీ అప్పుడు తెలుస్తాయి. కోనసీమ, భీమవరం పిల్లలు ఇక్కడ వెనకాడక్కర్లేదు, ఒలవడంలో మన చేతివాటం చూసి బల్లంతా మెచ్చుకుంటుంది.

హామ్ అంటే పంది తొడ. పైన కత్తితో డైమండ్ గళ్ళు కోసి, గడికో లవంగం గుచ్చి, బెల్లం రంగు చక్కెర, ఆవపిండి ముద్ద రాసి కాలుస్తారు. ఒక్కపూటలో అయిపోయేది కాదు. మిగిలినదాన్ని నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తడిపిన నూలుసంచిలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తారు. ఆ సంచి రెండు మూడు రోజులకోసారి ఉతికి మళ్ళీ తడుపుతూ ఉంటే హామ్ కొత్త సంవత్సరం దాకా వస్తుంది. మర్నాటి నుంచి ఇంట్లో ప్రతి శాండ్‌విచ్‌లోనూ అదే.

తీపిలో పావ్లోవా ఉంటుంది. గుడ్డు తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి సన్నని సెగ మీద కాల్చి, పైన క్రీము, స్ట్రాబెర్రీలు, ప్యాషన్‌ఫ్రూట్ గుజ్జు వేస్తారు. 1926లో ఈ దేశానికి వచ్చిన రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా పేరు మీద పెట్టిన వంటకం అది. మొదట చేసింది మేమంటే మేమని ఆస్ట్రేలియావాళ్ళు, న్యూజిలాండ్‌వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు.

మామిడిపళ్ళు కూడా ఉంటాయి! క్వీన్స్‌లాండ్ నుంచీ, ఉత్తరాది నుంచీ డిసెంబరులో పెట్టెలకి పెట్టెలు దిగుతాయి. కెన్సింగ్టన్ ప్రైడ్ అనే రకం వాసనకి, రసానికి బాగుంటుంది. మన బంగినపల్లికి ఇది సాటి రాదనే నేనంటాను. అయినా ఇంటికి దూరంగా, పండగపూట మామిడిపండు దొరకడమే గొప్ప.

నేను శాకాహారిని. మా ఇంట్లో బీఫ్ తినరు. చెప్తే ఏమైనా అనుకుంటారా?

ఏమీ అనుకోరు. చెప్పకుండా వెళ్ళి పళ్ళెంలో వదిలేస్తేనే బాధపడతారు. పిలుపు వచ్చిన వారంలోనే ఏం తింటారో, ఏం తినరో స్పష్టంగా చెప్పండి. 'వెజ్' అని ఊరుకోకండి, గుడ్డు తింటారా, చేప తింటారా అన్నదీ చెప్పండి. ఇక్కడ శాకాహారినంటూ చేప తినేవాళ్ళున్నారు, అందుకని అడుగుతారు.

కంటికి కనపడనివి కొన్ని ఉంటాయి. పాతపద్ధతిలో చేసే క్రిస్మస్ పుడ్డింగ్‌లో సూయెట్ వేస్తారు, అది ఆవు లేక ఎద్దు కొవ్వు. చూడ్డానికి ఎండుపళ్ళ కేకులాగే ఉంటుంది. ఇప్పుడు చాలామంది వెన్నతో చేస్తున్నారు, అడిగితే చెప్తారు. కేకు, కస్టర్డ్, జెల్లీ పొరలుగా వేసే ట్రైఫిల్ అనే తీపిలో, ఆ జెల్లీలో జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, పైగా ఆ కేకును షెర్రీ మద్యంలో నానబెడతారు. కూరగాయలను కూడా మాంసం కాల్చిన కొవ్వులోనే వేయించి ఉండొచ్చు. పుడ్డింగ్ తినేటప్పుడు గట్టిగా కొరకకండి, లోపల పాత వెండి నాణెం దాచే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అది దొరికినవాళ్ళకి ఏడాదంతా అదృష్టమంటారు.

తాగకపోతే బాగుండదేమో?

బాగానే ఉంటుంది. "నేను తాగను" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. డ్రైవ్ చేసేవాళ్ళు ఎలాగూ తాగరు. మీరు డ్రైవ్ చేసేట్టయితే ఒక్క గ్లాసు కూడా ముట్టకండి, పండగ రోజుల్లో పోలీసులు రోడ్ల మీద ఊపిరి పరీక్షలు చేస్తూనే ఉంటారు. చాలా బీచ్‌ల్లో మద్యం నిషేధం కూడా ఉంది.

సముద్రంలో దిగొచ్చా? నాకు ఈత అంతంతమాత్రం.

దయచేసి ఈ జవాబు పూర్తిగా చదవండి. మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.

పెనిన్సులాకి రెండు వైపులా నీళ్ళే, కానీ ఆ రెండు నీళ్ళూ ఒకటి కావు. పోర్ట్ ఫిలిప్ బే వైపు బీచ్‌లు మామూలుగా నిలకడగా ఉంటాయి, చాలాచోట్ల దూరం దాకా నడుములోతే. అవతలి వైపు, రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే, తెరిచిన మహాసముద్రం. వాటిని బ్యాక్ బీచ్ అంటారు. సొరెంటో, రై బ్యాక్ బీచ్‌లు, గన్నమట్ట చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి. దిగితే మాత్రం ప్రాణాలు తీస్తాయి. 1967 డిసెంబరు 17న ఈ దేశ ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్ట్ పోర్ట్‌సీ దగ్గర షెవియట్ బీచ్‌లో ఈతకి దిగి కనపడకుండా పోయాడు. ఆయనకి ఆ నీళ్ళు బాగా అలవాటు, ఈత బాగా వచ్చు. శవం కూడా దొరకలేదు.

ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటే, వాటి మధ్యనే దిగాలి. లైఫ్‌సేవర్ల కళ్ళు ఉండేది అక్కడే. జెండాలు లేని బ్యాక్ బీచ్‌లో మోకాలిలోతు కూడా వద్దు. స్నేహితులు చిన్నప్పట్నుంచీ అలల్లో పెరిగారు, వాళ్ళు దూకారని మీరు దూకకండి. "నాకు ఈత రాదు" అని ముందే చెప్తే వాళ్ళే మిమ్మల్ని బే వైపు తీసుకెళ్తారు.

అలలు విరగకుండా ప్రశాంతంగా, కాస్త ముదురురంగులో కనిపించే పాయ ఒకటి ఉంటుంది. కొత్తవాళ్ళకి అదే దిగడానికి మంచి చోటులా అనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకొచ్చిన నీళ్ళు లోపలికి పరుగెత్తే దారి అది, రిప్ అంటారు. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. అది కిందికి ముంచదు, లోపలికి లాక్కెళ్తుంది. వెల్లకిలా తేలండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి, కేకెయ్యండి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడండి. మునిగేవాణ్ణి చూసి ఉత్త చేతులతో దూకొద్దు, తేలే వస్తువేదైనా విసిరి 000కి ఫోన్ చెయ్యండి.

మన ఇళ్ళలో ఇలాంటి ఫోన్లు వచ్చిన తల్లిదండ్రులున్నారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

రాళ్ళ మధ్య గుంటల్లో గవ్వలు ఏరేటప్పుడు కూడా జాగ్రత్త. గోళీ కన్నా కాస్త పెద్దదిగా ఉండే ఒక ఆక్టోపస్ వాటిలో దాక్కుంటుంది. కదిలిస్తే ఒంటి మీద నీలి వలయాలు మెరుస్తాయి. దాని విషానికి విరుగుడు మందు లేదు. ఖాళీ గవ్వయినా చేత్తో తియ్యకండి, చూసి ఊరుకోండి.

ఆడపిల్లలం, ఈత దుస్తులు అలవాటు లేదు. ఏం వేసుకోవాలి?

మీకు హాయిగా ఉన్నదే. ఎండ నుంచి కాపాడుకోడానికి ఇక్కడివాళ్ళు కూడా పొడవు చేతుల రాష్ వెస్ట్ వేసుకుంటారు. దాని మీదకి మోకాళ్ళు దాటే లెగ్గింగ్స్ వేసుకుంటే ఎవరూ వింతగా చూడరు. నూలు చుడీదార్లు, జీన్సు మాత్రం నీళ్ళలో వద్దు, తడిసి బరువెక్కి లాగేస్తాయి.

మనది నల్లటి ఒళ్ళే కదా, సన్‌స్క్రీన్ ఎందుకు?

విజయవాడ ఎండలో పెరిగినవాళ్ళంతా ఇదే అంటారు. ఇక్కడి ఎండ తీరు వేరు. వేడి తక్కువగా ఉన్నా అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి. ఆ తీవ్రతని యూవీ సూచికతో కొలుస్తారు. 3కి చేరితేనే జాగ్రత్త పడమంటారు, మెల్‌బోర్న్‌లో డిసెంబరు మధ్యాహ్నం అది 10 దాటడం మామూలే. మబ్బు పట్టినా ఆ కిరణాలు వస్తాయి. మన రంగు కొంత కాపాడే మాట నిజమే, కానీ ఒళ్ళు కాలడాన్ని, కళ్ళకి జరిగే హానిని ఆపేంత కాదు. ఎస్‌పీఎఫ్ 50 ఉన్నది బయటికి వెళ్ళడానికి ఇరవై నిమిషాల ముందు రాసుకుని, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోండి. పాదాల పైభాగం, చెవులు మర్చిపోకండి. 1981లో మొదలైన "స్లిప్, స్లొప్, స్లాప్" (చొక్కా తొడుక్కో, సన్‌స్క్రీన్ రాసుకో, టోపీ పెట్టుకో) ప్రచారంతో ఇక్కడి పిల్లలకి ఇది పళ్ళు తోముకోవడమంత అలవాటైపోయింది.

చర్చికి వెళ్తారా? నేను క్రైస్తవుణ్ణి, ఆరాధన తప్పితే నాకు పండగలా ఉండదు.

చాలా కుటుంబాలు వెళ్ళవు. 2021 జనాభా లెక్కల్లో తాము క్రైస్తవులమని చెప్పినవాళ్ళు 44 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్ళు 39 శాతం. మన ఊళ్ళలో డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, వీధికో స్టార్, అర్ధరాత్రి ఆరాధన చూసి వచ్చినవాళ్ళకి ఇది వెలితిగా ఉంటుంది. దిగులు పడకండి, అడగండి. సొరెంటో, రోజ్‌బడ్‌లలో చర్చిలున్నాయి, ఎవరో ఒకరు కారులో దింపుతారు. మెల్‌బోర్న్‌లో తెలుగు ఆరాధన ముందుగానే చూసుకుని 24న బయల్దేరేవాళ్ళూ ఉన్నారు.

24 రాత్రి ఇంటిల్లిపాదీ టీవీలో కొవ్వొత్తుల వెలుగులో క్యారల్స్ చూస్తారు. నార్మన్ బ్యాంక్స్ అనే రేడియో అనౌన్సర్ 1938లో మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టిన కార్యక్రమం అది, ఇప్పుడు సిడ్నీ మైయర్ మ్యూజిక్ బౌల్‌లో జరుగుతుంది.

క్రికెట్ ఆడతారటగా?

ఆడతారు. చెత్తడబ్బా వికెట్టు, టెన్నిస్ బంతి, అయిదేళ్ళ పాప నుంచి తాతగారి దాకా అందరూ ఆటగాళ్ళే. బంతి ప్రహరీ దాటితే ఆరు పరుగులు, ఔట్ కూడా, వెళ్ళి తెచ్చుకోవాల్సింది మీరే. ఒక పిచ్ పడ్డాక ఒంటిచేత్తో పట్టినా ఔటే. చిన్నపిల్లలకి మొదటి బంతికి ఔట్ లేదు. మీరు ఇండియావాళ్ళు కాబట్టి బౌలింగ్ మీకే ఇస్తారు.

26న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో బాక్సింగ్ డే టెస్టు మొదలవుతుంది. ఇంట్లో టీవీ అంతసేపూ మోగుతూనే ఉంటుంది. 2020లో హైదరాబాద్ సిరాజ్ టెస్టుల్లోకి అడుగుపెట్టింది ఆ మ్యాచ్‌లోనే. 2024లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో నంబరులో వచ్చి 114 కొట్టాడు. స్టాండ్‌లో వాళ్ళ నాన్న ముత్యాలరెడ్డి ఏడుస్తూ దణ్ణం పెట్టుకోవడం ఇక్కడివాళ్ళకి కూడా గుర్తుంది. మాటలు కలపడానికి ఇంతకన్నా మంచి విషయం లేదు.

పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవాలా? నాకు నోరు రాదు.

వాళ్ళు పేరుతోనే పిలవమంటారు. రాకపోతే ఆంటీ, అంకుల్ అనండి, నవ్వి ఊరుకుంటారు. మర్యాద వాళ్ళ దృష్టిలో వేరేచోట ఉంటుంది. బల్ల తియ్యడంలో, గిన్నెలు తుడవడంలో చెయ్యి కలపండి. "నువ్వు కూర్చో" అని ఒకసారి అంటారు, రెండోసారి తువ్వాలు చేతికిస్తారు. అతిథిలా సోఫాలో కూర్చున్నవాళ్ళకన్నా రొయ్యల పెంకులు కాగితంలో చుట్టి పారేసినవాళ్ళు త్వరగా ఇంటిమనిషవుతారు. సముద్రం నుంచి వచ్చాక బయటి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కునే లోపలికి రండి.

అమ్మావాళ్ళకి ఎప్పుడు ఫోన్ చెయ్యాలి?

ఈ కాలంలో మెల్‌బోర్న్ మనకన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. భోజనాలకి కూర్చునే ముందు పన్నెండున్నరకి చేస్తే ఇంట్లో పొద్దున ఏడు. వీడియో కాల్ చేసి అందరినీ చూపించండి. కొడుకు ఎవరింట్లో ఉన్నాడో చూస్తే అమ్మ మనసు కుదుటపడుతుంది. ఆ ఇంటి తల్లి కూడా అదే కోరుకుంటుంది.

అడవి మంటల సంగతేమిటి?

ఫోన్‌లో విక్‌ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోండి. 2019 డిసెంబరు 31న విక్టోరియా తూర్పు కొసనున్న మల్లకూటాలో సెలవులకి వచ్చినవాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి వేలమంది మంటలకి తాళలేక సముద్రపు ఒడ్డుకి చేరారు. తర్వాత నౌకాదళం వచ్చి వాళ్ళలో చాలామందిని తరలించింది. నిప్పు నిషేధం ఉన్న రోజున బయట కట్టెలు, బొగ్గులు రాజెయ్యకూడదు. వెళ్ళిపోదామని ఇంటివాళ్ళు అంటే సామాను చూసుకోకుండా కారెక్కండి.

తిరిగొచ్చాక ఏం చెయ్యాలి?

ఇద్దరు ముగ్గురు కలిసున్న ఫోటోలు పంపి, రెండు ముక్కలు రాయండి. చేత్తో రాసిన కార్డు పోస్టులో పంపితే ఫ్రిజ్ మీద అతికించుకుంటారు. ఇక్కడ స్కూళ్ళకి జనవరి నెలాఖరు దాకా సెలవులే, కాబట్టి సంక్రాంతికి వాళ్ళందరినీ మీ ఇంటికి పిలవండి. చిన్న ఫ్లాటైనా ఫర్వాలేదు, నేలమీద దుప్పటి పరచి కూర్చోబెట్టండి. పొంగలి, గారెలు, అరిసెలు పెట్టండి, కారప్పొడి మాత్రం విడిగా గిన్నెలో ఉంచండి.